ఆగే బ్యాండు

మా బ్యాండులో మొదటి సెట్టు మనుషుల్లో మిగిలింది నేనొక్కణ్ణే. ఇదేదో గొప్పకి చెప్పుకోవడం కాదు. మిగతావాళ్ళకి ఇంకో దారి దొరికింది, నాకు దొరకలేదు. నలభై రెండేళ్ళుగా పెళ్ళికొడుకుల ముందు నడుస్తూ క్లారినెట్టు ఊదుతున్నాను. ఎంతమందిని తీసుకెళ్ళి మండపంలో పడేశానో నాకే తెలీదు. వాళ్ళలో కొందరి కొడుకుల పెళ్ళిళ్ళకి కూడా నేనే ఊదాను. ఇప్పుడు పై పళ్ళు రెండు కదులుతున్నాయి. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. రీడు నోట్లో పెట్టుకుంటే చిగుళ్ళు జిల్లుమంటాయి. చాలు బాబోయ్ అని రెండేళ్ళ నుంచీ అంటూనే ఉన్నాను. మా ఆవిడ నాగమల్లేశ్వరి అయితే, "అనడం కాదు, మానెయ్" అంటుంది. మానేస్తే నా చోట ఎవరు నిలబడతారే అంటే మాత్రం వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

మాది బందరు. బ్యాండు పేరు నాంచారయ్య బ్యాండు. కానీ దివిసీమలో ఆ పేరు చెబితే ఎవరికీ తెలీదు. ఆగే బ్యాండు అనాలి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, ఎక్కడ దిగినా "ఆగే బ్యాండు వాళ్ళొచ్చార్రా" అంటారు. ఎందుకంటే మాకో బయల్దేరే పాట ఉంది. పెళ్ళికొడుకు గుమ్మం దిగి కారెక్కగానే అదే ఊదుతాం. నాంచారయ్య గారు సొంతంగా కట్టిన పాట, ఇంకే బ్యాండు దగ్గరా లేదు. అందులో మొదటి చుట్టు అయిపోయాక, రెండో చుట్టు ఎత్తుకునే ముందు బ్యాండు మొత్తం ఒక్క దెబ్బసేపు ఆగిపోతుంది. డోలు, డ్రమ్ములు, తాళాలు, బాకాలు అన్నీ ఆగిపోతాయి. పెళ్ళికొడుకు కూడా ఏమైందా అని తల తిప్పుతాడు. అప్పుడు నేనొక్కణ్ణే క్లారినెట్టు మీద రెండో చుట్టు ఎత్తుకుంటాను. జనం ఈలలేస్తారు.

ఆ ఆగడం ఎలా వచ్చిందో మేం సాధన చేసుకునే షెడ్డులో అందరికీ తెలుసు. మొదటి సెట్టులో భూషణం అని పెద్ద బాకా ఊదే ఆయన ఉండేవాడు. ఆయనకి ఆయాసం. అవనిగడ్డలో ఒక పెళ్ళిలో ఊపిరందక ఆగాడు. ఆయన్ని చూసి అందరూ ఆగారు. అది జనానికి నచ్చింది, అలాగే ఉండిపోయింది. కొత్తగా ఎవరు చేరినా ఈ కథ చెప్పి, అక్కడ ఆగడం నేర్పిస్తాం. నేర్పేది నేనే. ఇన్నేళ్ళలో తక్కువలో తక్కువ ముప్ఫైమందికి చెప్పుంటాను.

ఆ కథ అబద్ధం. అవనిగడ్డలో ఆగింది భూషణం కాదు, నేను.

నాకప్పుడు ఇరవై ఒకటి. బంటుమిల్లి నుంచి వచ్చి షెడ్డులోనే పడుకునేవాణ్ణి. నాన్న లేడు. అమ్మా ఇద్దరు చెల్లెళ్ళూ నా మీదే ఆధారం. నాంచారయ్య గారు ఎంత విద్వాంసుడో అంత కోపిష్టి. అంతకుముందే రెండుసార్లు తప్పు ఊదానని, "మూడోసారి తప్పావంటే బంటుమిల్లి బస్సెక్కిస్తా" అని అందరి ముందూ అనేశాడు. మా దగ్గర పాటని కాయితం మీద రాసుకోవడం అంటూ లేదు. ఒకడి పక్కన ఒకడు నిలబడి, పక్కవాడి భుజం కదలిక చూసి ఊదడమే. అందుకే ఒకడు తడబడితే ఊరందరికన్నా ముందు పక్కవాడికి తెలిసిపోతుంది. నా పక్కన నిలబడేది భూషణం అన్న.

ఆ రోజు కాంతారావు గారని అవనిగడ్డలో ఒక పెద్ద రైతు ఇంట పెళ్ళి. పొద్దున తొమ్మిదింటికి ఊరేగింపు బయల్దేరింది. రెండో చుట్టు ఎత్తుకోవాల్సింది నేను. తీరా ఆ చోటికి వచ్చేసరికి నా బుర్రలో పాట లేదు. పోయింది. వేళ్ళన్నీ క్లారినెట్టు మీదే ఉన్నాయి, ఏ వేలు లేపాలో తెలీలేదు. భూషణం అన్న నా భుజం వైపు చూశాడు. చూడ్డంతోనే సంగతి కనిపెట్టేశాడు. బాకా నోట్లోంచి తీసి చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి చూసి డోలు ఆగింది, డ్రమ్ము ఆగింది, అందరూ ఆగారు. ఆ ఒక్క దెబ్బసేపట్లో నా చెవి దగ్గరకి వంగి మొదటి స్వరం అందించాడు. నేను అందుకున్నాను.

మండపం దగ్గర నాంచారయ్య గారు కళ్ళెర్రజేసి, "ఎవడ్రా ఆగింది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే భూషణం అన్న, "నేనేనండి. ఊపిరందలేదు" అన్నాడు. అంతలో కాంతారావు గారే వచ్చి, "ఆ ఆపడం అదిరిపోయిందండీ మాస్టారూ, సాయంత్రం ఊరేగింపులో కూడా అలాగే ఆపాలి" అన్నారు. నాంచారయ్య గారు అక్కడికక్కడే నవ్వు మొహం పెట్టేశాడు. ఆగడం ఉండిపోయింది. మనిషిని మాత్రం ఉండనివ్వలేదు. ఊపిరి చాలనివాడితో పెద్ద బాకా ఊదిస్తూ రెండు మైళ్ళు నడిపిస్తే, దార్లో పడిపోతే ఎవడు జవాబు చెప్తాడని, మర్నాటి నుంచీ భూషణం అన్న చేత బాకా మాన్పించి తాళాలు పట్టించాడు.

నేను చెప్పేస్తానన్నాను. నిజంగానే అన్నాను. భూషణం అన్న ఒప్పుకోలేదు. "చెప్పావనుకో, ఆగినందుకు నీకూ అబద్ధమాడినందుకు నాకూ, ఇద్దరికీ ఉద్వాసనే. ఓ నెలపోతే ఆయాసం తగ్గిందని నేనే చెప్పుకుంటాలే. నోర్మూసుకుని ఊదుకో" అన్నాడు. నెల తిరక్కుండానే ఆయన చోటులోకి చల్లపల్లి నుంచి ఇంకొకతను వచ్చేశాడు. భూషణం అన్న ఏడాదిపాటు తాళాలు కొట్టి, కొట్టి, చివరికి తన బాకా తను తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు. పెడనలో కలంకారీ షెడ్డులో గుడ్డల మీద అచ్చులేసే పనిలో చేరాడు. నేను ఊదుకున్నాను. ఆగి ఎత్తుకునే పోతురాజు అని నాకు పేరు కూడా వచ్చింది. ఛీ, ఏం పేరు.

ఆ తర్వాత సెట్టు మారని ఏడాది లేదు. ట్రంపెట్ ఊదే అతనికి ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీలో పర్మనెంటు అయింది. సైడు డ్రమ్ము అతను చేపల చెరువుల మీదకి కాపలాకి పోయాడు. శాక్సఫోన్ వచ్చింది. రిక్షా మీద జెనరేటరూ, దాని వెనక ఇంకో రిక్షా మీద డ్రమ్ములన్నీ బిగించి, దానికి జాజ్ సెట్టు అని పేరు పెట్టి కొన్నాళ్ళు ఊరేగాం. కీబోర్డు వచ్చింది. నాంచారయ్య గారు పోయారు. కేరళ డ్రమ్ములొచ్చి సగం పెళ్ళిళ్ళు పట్టుకుపోయాయి, డీజేలొచ్చి మిగతా సగం. ఎర్ర కోట్లు పోయి నీలం కోట్లొచ్చాయి, అవీ పోయి ఇప్పుడు తెల్ల కుర్తాలు, నెత్తిన తలపాగాలు. పన్నెండు మందిమి తొమ్మిదిమందిమయ్యాం, తర్వాత ఏడుగురం, ఇప్పుడు అయిదుగురం.

ఎవడు పోయినా వాడిది ఏదో ఒకటి పాటలో వదిలేసే పోయాడు. ఆ ఉయ్యూరు వెళ్ళినతని ట్రంపెట్‌కి ఒక మీట సరిగ్గా లేచేది కాదు. అందుకని అక్కడో స్వరం మింగేసేవాడు. అతను వెళ్ళి ముప్ఫయ్యేళ్ళు దాటింది. మంచి మీటలున్న ట్రంపెట్లు ఎన్ని వచ్చాయో! ఇప్పటికీ అందరూ అక్కడ ఆ స్వరం మింగుతూనే ఉంటారు. ఎందుకు మింగుతున్నావురా అంటే, పాటే అంత కదా మాస్టారూ అంటారు.

దీవెన మా దగ్గర చేరి రెండేళ్ళయింది. మా బ్యాండులో మొదటి ఆడపిల్ల. పెడనలో వాళ్ళ చర్చిలో శాక్సఫోన్ నేర్చుకుంది. వచ్చిన రోజే ఊదమన్నాను. నాలుగు ఊపులు ఊదేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది. నా క్లారినెట్టు వరస తీసుకోగలిగే మనిషి దొరికింది, ఇంక ఇంటికెళ్ళి కాళ్ళు బారజాపుకోవచ్చు అనుకున్నాను. ఊదడం అయ్యాక ఆ పిల్ల, "మా తాతయ్య మీ బ్యాండులోనే ఊదేవారండి. భూషణం అని" అంది.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. అలాగా అమ్మా, చాలా మంచివాడు అన్నాను.

ఆ ఆగే చోట దీవెన కళ్ళు మూసుకుంటుంది. చిన్నప్పుడు తాతయ్య ఆ పాట నోటితో అంటూ వీపు మీద దరువేసి నిద్రపుచ్చేవాడట. దరువు ఆగినప్పుడల్లా, "ఇక్కడ తాత ఊపిరి పీల్చుకుంటున్నాడు" అనేవాడట. ఆ ముసలాయన మనవరాలి దగ్గర కూడా నన్ను బయటపెట్టలేదు. ఆ పిల్ల ఇది నాకు మొదటిసారి చెప్పినప్పుడు అన్నం సయించలేదు. రెండోసారి చెప్పినప్పుడు సయించింది. మనిషికి అన్నీ అలవాటైపోతాయి.

ఇప్పుడు అసలు గొడవ. మొన్న బుధవారం షెడ్డులో సాధనకి కూర్చున్నాం. శుక్రవారం పొద్దున గుడివాడలో పెద్ద పెళ్ళి. బ్యాండు ఇప్పుడు నాంచారయ్య గారి అబ్బాయి సురేష్ నడుపుతున్నాడు. కొత్తగా కృష్ణచైతన్య అని ఒక కుర్రాణ్ణి పెట్టాడు. బీటెక్ చదివాడు, ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయిస్తాడు, మర్యాదస్తుడే. వాడి ప్యాడ్‌లో దరువు ముందే ఎక్కించి ఉంటుంది, మనం దాని వెంట నడవాలి.

"బాబాయ్, బయల్దేరే పాటలో ఆ ఆగడం తీసేద్దాం" అన్నాడు సురేష్, నా వైపు చూడకుండా.

"ఎందుకూ?"

"ఈవెంట్ వాళ్ళు పూలు చిమ్మే మిషన్లూ, నిప్పురవ్వల మిషన్లూ మన దరువుకి టైము కట్టి పెట్టారు. మధ్యలో ఆగితే అన్నీ అడ్డదిడ్డంగా పేల్తాయి. పెళ్ళికొడుకు మొహం మీద పేల్తే మన బతుకు బస్టాండే."

కృష్ణచైతన్య నా వైపు చూసి తల గోక్కున్నాడు. "నేను ప్యాడ్ ఆపగలను మావయ్యా. కానీ మిషన్లు నా చేతిలో లేవు" అన్నాడు.

పోతే పోనీ అనుకున్నాను. ఎంత, ఒక్క దెబ్బసేపేగా. కానీ దీవెన లేచి నిలబడింది.

"సురేష్ గారూ, పాటలో ఇంకేదైనా తీసెయ్యండి. అది తియ్యకండి."

"ఏమ్మా, ఒక్క దెబ్బే కదా?"

"మా తాతయ్య బాకా పట్టుకున్న ఫొటో ఒక్కటి లేదండి మా ఇంట్లో. ఆయన గొంతు రికార్డింగు లేదు. ఆయన ఊదినదాంట్లో ఈ లోకంలో మిగిలింది ఆ ఒక్క దెబ్బే. అది తీసేస్తే నేను రాను."

"శుక్రవారం ఒక్కరోజుకేనమ్మా."

"శుక్రవారం తీస్తే ఇంక ఎప్పటికీ పెట్టరు. నాకు తెలీదా?" అని శాక్సఫోన్ పెట్టెలో పెట్టేసుకుంది. "వేరే వాళ్ళని చూసుకోండి" అని మర్యాదగానే చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

సురేష్ కుర్చీలో కూలబడ్డాడు. వాడిదీ తప్పని అనలేను. వాడికి నలభై అయిదేళ్ళు, జుట్టు నాకన్నా ఎక్కువ నెరిసింది. "ఆ పిల్ల రాకపోతే షెడ్డుకి తాళం వేసేస్తా బాబాయ్. నిన్ను నమ్ముకుని ఎన్నాళ్ళు? నీ పళ్ళు ఈ ముహూర్తాలు దాటేలా లేవు. నువ్వే వెళ్ళి సర్దిచెప్పు. నీ మాటంటే గౌరవం దానికి" అన్నాడు.

నా మాటంటే గౌరవమట. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు. ఆ రోజంతా మంచం మీద దొర్లాను. నేను నోరు విప్పకపోతే ఆ పిల్ల మానేస్తుంది, బ్యాండు మూతపడుతుంది, అదీ నేను చేసిన తప్పుని వాళ్ళ తాత జ్ఞాపకమనుకుని. విప్పితే ఆ పిల్ల దగ్గరున్న ఆ ఒక్క జ్ఞాపకం కూడా నేనే లాక్కున్నట్టు. మా ఆవిడకి కూడా ఈ సంగతి ఏనాడూ చెప్పలేదు. ఏంటలా ఉన్నావంటే, పన్ను నొప్పి అన్నాను.

గురువారం మధ్యాహ్నం భోజనం చేసి పెడన ఆటో ఎక్కాను. దారిలో ఒక ఉపాయం తట్టింది. నిజం చెప్పక్కర్లేదు, తాతయ్య ఉంటే ఆయనే తీసెయ్యమనేవాడమ్మా అని చెబుదాం, నమ్ముతుంది అనుకున్నాను. అరవై ఏళ్ళొచ్చినా బుద్ధి ఇంతే చూడండి, ఇంకో అబద్ధం చెప్పి గట్టెక్కుదామనే.

వాళ్ళిల్లు చర్చి వెనక సందులో. భూషణం అన్న భార్య భాగ్యమ్మ వదిన వరండాలో చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్భై ఆరో, డెబ్భై ఏడో ఉంటాయి. నన్ను చూసి గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"పోతురాజువా? బాగా ముసలాడివైపోయావయ్యా. ఇన్నేళ్ళకి దారి తెలిసిందా?"

"పనులు వదినా."

"ఏం పనుల్లే. మా మనిషి పోయినప్పుడు వచ్చావు, మళ్ళీ ఇదే" అని పీట చూపించింది. దీవెన లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నేనెందుకొచ్చానో దానికి తెలుసు.

ఆటోలో అనుకున్నదే మొదలుపెట్టాను. "అమ్మా దీవెనా, ఆ ఆగడం గురించి అంత పట్టుదలకి పోకు. మీ తాతయ్యే ఉంటే..."

"మాస్టారూ, ఆయన ఉంటే ఏమనేవారో మీరు చెప్పకండి. ఆయన ఉన్నప్పుడు మీరెవరూ ఈ గుమ్మం తొక్కలేదు" అంది.

భాగ్యమ్మ వదిన, "పెద్దాయన్ని అలా అనొచ్చా?" అని కసిరింది. తర్వాత నా వైపు తిరిగి, "దానికి తాతంటే ప్రాణం. ఊపిరి బాగోక అవస్థపడ్డాడు గానీ, లేకపోతే మీ బ్యాండులో ఆయన్ని మించినవాడు ఉండేవాడా? ఆ మాయదారి ఆయాసమే లేకపోతే..." అంది.

ఇంక నావల్ల కాలేదు. ఏదో గొప్ప ధైర్యం వచ్చి కాదు. ఇన్నేళ్ళు మోసి మోసి చేతుల్లో సత్తువ అయిపోయి కింద పడేశానంతే.

"ఆయాసం లేదు వదినా."

"ఏంటీ?"

"అన్నకి ఆయాసం లేదు. ఆ రోజు అవనిగడ్డలో ఆగింది నేను. పాట మర్చిపోయాను. నన్ను పనిలోంచి తీసేస్తారని అన్న ఆ తప్పు తన మీద వేసుకున్నాడు. ఊపిరందలేదని అబద్ధం చెప్పాడు. నేను నోరెత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు."

దీవెన గుమ్మం వదిలేసి ముందుకొచ్చింది. "అంటే ఆ ఆగడం తాతయ్యది కాదా?"

"కాదమ్మా. నాది."

"రెండేళ్ళు! రెండేళ్ళు మీ పక్కనే నిలబడి, అక్కడికి వచ్చినప్పుడల్లా కళ్ళు మూసుకున్నాను నేను. మీరు చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

దాని మొహం ఎర్రబడిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టు తల్లీ, తిడితే బాగుండు అనిపించింది. అది నన్ను వదిలేసి వాళ్ళ నాయనమ్మ వైపు చూసింది. నేనూ అప్పుడే చూశాను. వదిన చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉంది. ఒలవడం లేదు, కింద పెట్టడం లేదు.

"ఆయాసం లేదా?" అంది మళ్ళీ, చాలా నెమ్మదిగా.

"లేదు వదినా. నిక్షేపంలాంటి మనిషి."

"పాతికేళ్ళు మిరియాల కషాయం కాచిచ్చానయ్యా. పొద్దున్నే, పరగడుపున. మొహం చిట్లించుకుని తాగేవాడు. ఒక్కరోజు వద్దనలేదు." చిక్కుడుకాయ వైపే చూస్తూ మాట్లాడుతోంది. "బాకా తెచ్చుకున్నాడు కదా ఇంటికి. రోజూ చింతపండుతో తోమి, ఎండలో పెట్టి, ఒక్క పాట ఊదుకుంటానే భాగ్యం అనేవాడు. నేను లాక్కునేదాన్ని. ఊపిరి చాలదని బ్యాండు వాళ్ళే తాళాలిచ్చారు, ఇంట్లో ఊది చచ్చిపోతావా అనేదాన్ని. అటక మీద పెట్టించేశాను."

"నాయనమ్మా, చాల్లే" అంది దీవెన.

"ఉండవే. మీ నాన్న పెళ్ళిలో ఊదుతానన్నాడు. కొడుకు పెళ్ళి కదా, ఒక్కటంటే ఒక్క పాట అన్నాడు. కాళ్ళు పట్టుకున్నాను నేను. నీకేమన్నా అయితే నేనెట్లా బతకాలి అని చర్చి మెట్ల మీద అందరి ముందూ ఏడ్చాను. సర్లే ఏడవకు అన్నాడు. తర్వాత ఇంకెప్పుడూ అడగలేదు. అడక్కపోతే బుద్ధొచ్చిందనుకున్నాను."

నాకు ఇది తెలీదు. దేవుడి తోడు, ఇందులో ఒక్క ముక్క నాకు తెలీదు. పని పోయింది, వేరే పని చూసుకున్నాడు, తప్పు నాదే, అంతవరకే అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఇంట్లోనన్నా ఊదుకుంటున్నాడులే అనుకుని మనసు సరిపెట్టుకునేవాణ్ణి.

"నాకు మాత్రం ఎందుకు చెప్పలేదయ్యా ఆయన?" అంది వదిన.

దానికి దీవెనే జవాబు చెప్పింది. "నీకు చెబితే నువ్వు ఊరుకునేదానివా? బందరు వెళ్ళి షెడ్డు ముందు కూర్చునేదానివి. ఈయన పని పోయేది." ఈయన అన్నప్పుడు నా వైపు చూడలేదు.

"అవును. ఊరుకునేదాన్ని కాదు" అంది వదిన.

నేను లేవబోయాను. ఏమని సెలవు తీసుకోవాలో తెలీక మళ్ళీ కూర్చున్నాను. దీవెన లోపలికెళ్ళి ఫోను తెచ్చుకుని నా ఎదురుగానే సురేష్‌కి చేసింది. "సురేష్ గారూ, రేపు ఆ ఆగడం తీసెయ్యండి. నేను వస్తాను. క్లారినెట్టు వరస కూడా నేనే ఊదుతాను. మాస్టారు రారు" అని పెట్టేసింది. నన్ను అడగలేదు. రెండేళ్ళుగా నేను కోరుకున్నది అదే.

"సరేనమ్మా" అన్నాను.

"దీవెనా" అని పిలిచింది వదిన. "ఆ పాట ఊదవే. ఆయన ఎట్లా ఊదేవాడో అట్లా ఊదు. ఆగొద్దు."

దీవెన వద్దంది. ముసలామె మళ్ళీ అడిగింది. ఇంక తప్పక పెట్టె తీసి, శాక్సఫోన్ మెడకి తగిలించుకుని, వరండా గోడకి ఆనుకుని మొదలుపెట్టింది. మొదటి చుట్టు ఊదింది. ఆ చోటు దగ్గరపడుతుంటే నా వేళ్ళు మోకాలి మీద బిగుసుకుపోయాయి. అది కళ్ళు మూసుకోలేదు. ఆగలేదు. అలాగే రెండో చుట్టులోకి వెళ్ళిపోయింది. అంత నున్నగా వెళ్ళే పాటని నలభై ఏళ్ళుగా నేను విరిచిపెట్టాను. సందులో ఎవరో గేటు తీసుకుని తొంగిచూశారు. దీవెన రెండో చుట్టు పూర్తిచేసి, మూడోది కూడా ఊది, అప్పుడు దించింది. దానికి కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"ఇంతసేపూ ఊదేవాడా ఆయన?" అని అడిగింది వదిన.

"దీనికి రెండింతలు ఊదేవాడు వదినా. మంగినపూడి నుంచి బందరు దాకా నడిపించినా ఆగే మనిషి కాదు."

ఆవిడ తల ఊపింది. చేతిలో చిక్కుడుకాయ చాప మీద పెట్టింది. నా మొహంలోకి అప్పుడు సూటిగా చూసింది. కోపం లేదు ఆ చూపులో. నిజంగానే తెలీక అడుగుతున్నట్టుంది.

"మరి ఇన్నేళ్ళూ ఊదొద్దు ఊదొద్దని నేను కాపాడుకుంది ఎవర్నయ్యా?" అంది.

"నన్నే వదినా" అన్నాను.